సభలో అడిగిన ప్రశ్నకు సరైన జవాబు రాబట్టాలంటే

చట్టసభల్లో ప్రశ్నలు, బడ్జెట్ పద్దులు, ప్రజా సేవల ఖర్చు గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. గడువులు, పరిమితులు సభకూ సభకూ మారతాయి. ప్రత్యేకంగా చెప్పనిచోట కింది అంకెలన్నీ లోక్‌సభవి. శాసనసభ విషయంలో మీ రాష్ట్ర సభా నియమావళి ఒకసారి చూసుకోండి.

నక్షత్ర గుర్తు ప్రశ్న, గుర్తు లేని ప్రశ్న అంటారు. తేడా నోటితో చెప్పడం, రాసివ్వడం వరకేనా? సభ్యులు ఏది ఎంచుకుంటే మేలు?
— డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

పైకి కనిపించే తేడా అదే. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, ఆపై వచ్చే అనుబంధ ప్రశ్నలనూ ఎదుర్కోవాలి. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది, అంతటితో సరి. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 జాబితాకెక్కుతాయి. రాజ్యసభలో 15, 160. ఒక సభ్యుడి పేరు మీద ఒక రోజు నక్షత్ర గుర్తు ప్రశ్న ఒక్కటే వస్తుంది.

నోటీసు కనీసం 15 పూర్తి రోజుల ముందు ఇవ్వాలి. నోటీసు అందిన రోజును, జవాబు రోజును ఆ లెక్కలో కలపరు. మంత్రిత్వ శాఖలను ఐదు వర్గాలు చేసి సోమవారం నుంచి శుక్రవారం వరకు ఒక్కో వర్గానికి ఒక్కో రోజు కేటాయిస్తారు. ఆరోగ్య శాఖ ప్రశ్న ఆరోగ్య శాఖ రోజునే రావాలి. నోటీసులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఎవరిది ముందన్నది లాటరీలో తేలుతుంది. 20 ప్రశ్నలు జాబితాలో ఉన్నా, ప్రశ్నోత్తరాల గంటలో నోటి జవాబు దక్కేది అందులో కొన్నింటికే.

ఎంపిక విషయానికి వస్తే, అంకెలు కావాలంటే గుర్తు లేని ప్రశ్నే మేలు. జిల్లాల వారీగా, ఏళ్ల వారీగా పట్టిక అడగవచ్చు. అది సభ రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. ఆ అంకెల మీద మంత్రి చేత బాధ్యత ఒప్పించాలన్నా, తేదీ చెప్పించాలన్నా నక్షత్ర గుర్తు ప్రశ్న కావాలి. పట్టున్న సభ్యులు రెంటినీ జోడిస్తారు. ఒక సమావేశంలో రాతపూర్వకంగా అంకెలు తెప్పించుకుంటారు, తర్వాతి సమావేశంలో అవే అంకెలు చేతిలో పట్టుకుని నోటి జవాబు అడుగుతారు. మొదటి అడుగు వేయకుండా నేరుగా రెండోదానికి వెళ్లినవారికి మంత్రి చెప్పిన అంకెను కాదనే ఆధారం చేతిలో ఉండదు.

"ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో వైద్యులు లేక రోగులు తీవ్ర ఇబ్బందులు పడుతున్న మాట వాస్తవమేనా, అయినచో, ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేవి?" అని మా ఎమ్మెల్యే చేత అడిగించాం. "కాదండి", "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రెండు ముక్కల్లో జవాబొచ్చింది. ఇంత నిర్లక్ష్యమా?
— రైతు సంఘం సభ్యుడు, ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా

మీ ఆవేదన న్యాయమైనదే. కానీ ఆ జవాబుకు దారి ప్రశ్న కట్టిన తీరులోనే ఉంది. మొదటి భాగం "వాస్తవమేనా" అని ముగిసింది. "తీవ్ర ఇబ్బంది" కొలవడానికి వీల్లేని మాట, దాన్ని కాదనడం సులువు. రెండో భాగం "అయినచో" అంటూ మొదటిదాని మెడకు వేలాడుతోంది. మొదటిది "కాదండి" అయితే రెండోది దానంతటదే ఎగిరిపోతుంది. శాసనసభ ప్రశ్నల్లో ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న మూస ఇది. శాఖాధికారులకు ఇంతకంటే సుఖమైన ప్రశ్న ఇంకోటి ఉండదు.

ప్రశ్నలో ప్రతి భాగమూ దాని కాళ్ల మీద అది నిలబడాలి. "వాస్తవమేనా" బదులు ఎన్ని, ఎంత, ఎప్పుడు, ఏ ఉత్తర్వు కింద అని అడగాలి. మీ విషయాన్నే ఇలా మార్చి చూడండి:

(ఎ) ఫలానా జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మంజూరైన వైద్యాధికారి, స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు కేంద్రాల వారీగా ఎన్ని; గత మార్చి 31 నాటికి వాటిలో భర్తీ అయినవి ఎన్ని;

(బి) భర్తీ అయినట్లు చూపినవారిలో డిప్యుటేషన్‌పై గానీ, దీర్ఘకాలిక సెలవుపై గానీ ఉండి ఆ కేంద్రంలో పనిచేయనివారు ఎందరు; ఒక్కొక్కరు ఏ తేదీ నుంచి;

(సి) గత మూడు ఆర్థిక సంవత్సరాలలో ఆ కేంద్రాలు ఇండెంట్ పెట్టిన (కావాలని కోరిన) మందుల విలువ ఎంత; సరఫరా అయినవాటి విలువ ఎంత, సంవత్సరాల వారీగా;

(డి) ఖాళీల భర్తీకి చివరి నోటిఫికేషన్ ఏ తేదీన వెలువడింది, ఎందరిని నియమించారు, ఎందరు చేరారు?

ఇందులో "కాదండి" అనడానికి చోటు లేదు. (బి) లేకపోతే (ఎ)కు విలువ సగమే. కాగితం మీద పోస్టు నిండి ఉంటుంది, ఆ డాక్టరు మాత్రం జిల్లా కేంద్రంలో డిప్యుటేషన్‌పై పనిచేస్తుంటారు. "90 శాతం పోస్టులు భర్తీ" అనే జవాబు అబద్ధం కాకుండానే ఊరివాళ్లకు డాక్టరు లేకపోవడం ఇలాగే జరుగుతుంది. (సి)లో డబ్బు కేటాయింపు అడగకపోవడానికీ కారణముంది. మందులు రాష్ట్రస్థాయి సంస్థ కొని జిల్లా గోదాములకు పంపుతుంది. "జిల్లాకు ఎంత నిధులిచ్చారు" అంటే "నిధులు నేరుగా ఇవ్వరు" అని ఒక్క వాక్యం వస్తుంది. ఇండెంట్‌కూ సరఫరాకూ మధ్య తేడా అడిగితే కొరత ఎంతో తేలుతుంది.

(డి)లో "ఎందరిని నియమించారు", "ఎందరు చేరారు" అని విడగొట్టిందీ ఊరికే కాదు. ఉత్తర్వు తీసుకుని చేరనివారు, చేరిన కొన్నాళ్లకే పీజీ సీటు వచ్చి వెళ్లినవారు వైద్యశాఖలో ఎప్పుడూ ఉంటారు.

ప్రభుత్వ ప్రమాణాన్నే కొలబద్ద చేయడం మరో పద్ధతి. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రజారోగ్య ప్రమాణాల్లో రాసుకున్నదే. "ఈ ప్రమాణం ప్రకారం జిల్లాకు కావలసిన కేంద్రాలు ఎన్ని, ఉన్నవి ఎన్ని" అని అడిగితే అది విమర్శ అని ఎవరూ తోసిపుచ్చలేరు.

నోటీసు తిరస్కరణకు గురయ్యే కారణాలూ తెలుసుకోండి. లోక్‌సభలో ప్రశ్న సాధారణంగా 150 మాటలు దాటకూడదు. వాదన, వ్యంగ్యం, ఆరోపణ, విశేషణాలు ఉండకూడదు. "మొద్దునిద్ర", "ఘోర వైఫల్యం" అని రాస్తే ఆ మాటలు కొట్టేస్తారు, లేదంటే ప్రశ్ననే పక్కన పెడతారు. మంత్రి అభిప్రాయం అడగకూడదు, ఊహాజనిత పరిస్థితి గురించి అడగకూడదు, కోర్టు విచారణలో ఉన్నది అడగకూడదు. ఇంతకుముందు జవాబు వచ్చినదాన్నే మళ్లీ అడగకూడదు. శాసనసభల నియమాలూ దాదాపు ఇదే దారిలో ఉంటాయి. పరిధి మరీ పెంచినా చిక్కే. "రాష్ట్రమంతటా, గత పదేళ్లుగా, గ్రామాల వారీగా" అంటే "సమాచారం సేకరిస్తున్నాం" అనే జవాబుకు మీరే దారి ఇచ్చినట్లు. ఒక జిల్లా, మూడేళ్లు, నాలుగు భాగాలు. అంతకు మించితే ప్రశ్న పలచబడుతుంది.

ఇక సమయం. సమావేశాల తేదీ పేపర్లో చూశాక ఎమ్మెల్యే దగ్గరికి పరిగెత్తితే గడువు దాటిపోయి ఉంటుంది. ముసాయిదా కనీసం నెల ముందే ఇవ్వండి. దాంతోపాటు ఒకే పేజీలో ఆధారాలు కూడా ఇవ్వండి: ఏ కేంద్రం, ఏ తేదీ నుంచి ఖాళీ, ఏ జీవో. సభ్యుడు లేచి నిలబడినప్పుడు ఆ పేజీయే ఆయన చేతిలో ఉండేది.

బడ్జెట్‌లో రోడ్లకు కోట్లు పెట్టామంటారు. నిధులు విడుదల చేశామని మంత్రి సభలోనే చెప్పారు. పని పూర్తి చేసి ఏడాది దాటినా మాకు బిల్లు రాలేదు. ఆ డబ్బు ఎక్కడుంది?
— చిన్న కాంట్రాక్టరు, మహబూబ్‌నగర్

కేటాయింపు, విడుదల, చెల్లింపు మూడూ వేరు. వాటి మధ్య మెట్లు చాలా ఉన్నాయి. సభ ఆమోదించిన పద్దు ఒక అనుమతి మాత్రమే, ఖజానాలో డబ్బు ఉందన్న అర్థం దానికి లేదు. పద్దు ఆమోదం పొందాక పనికి పరిపాలనా అనుమతి జీవో రావాలి. ఆర్థిక శాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు, వాడుకలో బీఆర్వో, ఇవ్వాలి. ఇంజినీర్లు కొలతల పుస్తకంలో నమోదు చేసి బిల్లు పెట్టాలి. ట్రెజరీ గానీ, పే అండ్ అకౌంట్స్ కార్యాలయం గానీ పరిశీలించి పాస్ చేయాలి. ఆ తర్వాతా ఆర్థిక శాఖ నగదు సర్దుబాటును బట్టి వరుసలో పెట్టి విడుదల చేస్తుంది. తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్, ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థల్లో ఇదంతా నమోదవుతుంది. టోకెన్ నంబరు పడి కూడా డబ్బు జమకాని బిల్లులు చివరి మెట్టు మీద ఆగినవి. మంత్రి "విడుదల" అన్నది బీఆర్వో గురించి అయి ఉంటుంది. మీరు అడుగుతున్నది జమ గురించి.

ఇంకా మెలిక ఉంది. పథకం డబ్బును కార్పొరేషన్ పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాకో, సొసైటీ ఖాతాకో మళ్లించిన రోజే ప్రభుత్వ లెక్కల్లో అది ఖర్చు కింద పడిపోతుంది. అక్కడి నుంచి ఒక్క రూపాయి కదలకపోయినా సరే. మార్చి చివరి వారంలో ఇలాంటి బదలాయింపులు పెరుగుతాయి. మార్చి 31 దాటితే వాడని పద్దు మురిగిపోతుందన్న భయమే కారణం. ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే కాగ్ తన నివేదికల్లో పీడీ ఖాతాల నిల్వల గురించి పదే పదే రాసేది ఇందుకే. కేంద్ర పథకాల్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. కేంద్రం తన వాటా ఇస్తుంది, రాష్ట్రం తన వాటా జమ చేయదు, లేదా ముందిచ్చిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం పంపదు, దాంతో తర్వాతి వాయిదా ఆగిపోతుంది.

అందుకే సభ్యులు "ఎంత కేటాయించారు" అని అడిగి ఊరుకోకూడదు. పద్దు సంఖ్య పట్టుకుని అడగాలి. బడ్జెట్ పుస్తకాల్లో పద్దుకు ఆరు అంచెలుంటాయి. మొదటి నాలుగంకెలు ప్రధాన పద్దు: 2202 సాధారణ విద్య, 2210 వైద్యం ప్రజారోగ్యం, 2215 తాగునీరు పారిశుధ్యం. మొదటి అంకె 2 గానీ 3 గానీ అయితే రెవెన్యూ ఖర్చు. 4, 5 అయితే మూలధన వ్యయం. రోడ్ల మరమ్మతు 3054లో, కొత్త రోడ్డు 5054లో కనిపిస్తాయి. ప్రధాన పద్దు తర్వాత రెండంకెలు, ఆపై మూడంకెలు వస్తాయి. 2210-03-103 అంటే గ్రామీణ వైద్యంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. ఈ సంఖ్య చెప్పి అడిగినప్పుడు "వివిధ పద్దుల కింద" అని దాటవేయడం కుదరదు.

పక్కనే ఉండే నిలువు వరుసలు చూడండి. రెండేళ్ల కిందటి అసలు లెక్కలు, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది బడ్జెట్ అంచనా ఉంటాయి. ప్రసంగాల్లో వినిపించేది ఆఖరిది. నిజం తెలిసేది మొదటిదానిలో. ఒక పద్దుకు ఏటా పెద్ద అంచనా వేస్తూ, ఏటా సవరణలో కోసేస్తూ, అసలు ఖర్చు ఇంకా తక్కువ తేలుతుంటే ఆ పథకాన్ని నడిపే ఉద్దేశం ఎంతో అక్కడే తెలుస్తుంది. ఖర్చు శాతం చెప్పినప్పుడు దేనిలో శాతమో కూడా అడగాలి. "95 శాతం వినియోగం" అన్నది విడుదలైన సొమ్ములో కావచ్చు. విడుదలే బడ్జెట్‌లో సగమైతే ఆ 95 శాతానికి అర్థం వేరు.

మీ విషయంలో మీ ఎమ్మెల్యే గానీ ఎమ్మెల్సీ గానీ అడగవలసింది: ఫలానా పద్దు కింద జిల్లాకు బీఆర్వోల ద్వారా విడుదలైన మొత్తం, కాంట్రాక్టర్ల ఖాతాల్లో జమైన మొత్తం, టోకెన్ పడి చెల్లింపు కాని బిల్లుల సంఖ్య, విలువ, వాటిలో అత్యంత పాత బిల్లు తేదీ, చెల్లింపులో పాటిస్తున్న వరుసక్రమం. ఈ ఆఖరి రెండూ తప్పనిసరి. పాత బిల్లు ఉండగా కొత్త బిల్లుకు డబ్బు వెళ్లి ఉంటే అక్కడే బయటపడుతుంది.

మా ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లే రోడ్డు గురించి పార్లమెంటులో అడగమని ఎంపీకి వినతిపత్రం ఇస్తే, అది రాష్ట్రం పరిధి అన్నారు. తప్పించుకోవడమేనా?
— పాఠకుడు, ఆసిఫాబాద్

ఆ రోడ్డు రాష్ట్ర ఆర్ అండ్ బీదో, పంచాయతీరాజ్‌దో అయితే ఆయన చెప్పింది నిజమే. కేంద్ర ప్రభుత్వ బాధ్యత కానిదాన్ని పార్లమెంటులో ప్రశ్నగా అనుమతించరు. అయితే ఆ రోడ్డు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో వేసినదైతే, జాతీయ రహదారిలో భాగమైతే అడగవచ్చు. ఆస్పత్రులూ అంతే. ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్రాల జాబితాలోనివని కేంద్ర ఆరోగ్య శాఖ జవాబులు మొదటి వాక్యంలోనే గుర్తుచేస్తాయి. కానీ జాతీయ ఆరోగ్య మిషన్ కింద రాష్ట్రానికి ఎంత ఆమోదించారు, ఎంత విడుదల చేశారు, రాష్ట్రం ఎంత వాడింది అని అడిగితే పట్టికతో సహా చెప్పాలి. డబ్బు కేంద్రం నుంచి బయలుదేరిన దగ్గర ఎంపీ, ఊరికి చేరే దగ్గర ఎమ్మెల్యే ఒకే పథకం మీద ఒకే కాలానికి అడిగితే రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అవి కలవని చోటే అసలు ప్రశ్న దొరుకుతుంది.

ప్రశ్నోత్తరాల సమయం గొడవల్లో కొట్టుకుపోతే ఆ ప్రశ్నలు ఏమవుతాయి? అనుబంధ ప్రశ్నల వల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

లోక్‌సభలో నోటి జవాబుకు నోచుకోని నక్షత్ర గుర్తు ప్రశ్నల జవాబులను కూడా రాతపూర్వకంగా సభ ముందుంచినట్లే లెక్క. కాబట్టి అంకెలు పోవు. పోయేది అనుబంధ ప్రశ్న. 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల గంటను తీసేసి, గుర్తు లేని ప్రశ్నలకు మాత్రం రాతపూర్వక జవాబులిచ్చారు. ఆ ఏడాది ఆక్సిజన్, వలస కూలీలు, పరీక్షల కిట్ల వంటి విషయాల మీద మంత్రులను ఎదురుగా నిలబెట్టి అడిగే అవకాశం సభ్యులకు లేకుండా పోయింది. అది చిన్న నష్టం కాదు.

రాతపూర్వక జవాబును శాఖ పదిమంది చూసి, పదాలు తూచి రాస్తుంది. అనుబంధ ప్రశ్నకు మంత్రి స్వయంగా అప్పటికప్పుడు చెప్పాలి. ప్రశ్న వేసిన సభ్యుడికి మామూలుగా రెండు అనుబంధ ప్రశ్నలకు అవకాశం ఇస్తారు, ఆపై ఇతరులను స్పీకర్ పిలుస్తారు. బ్రిటిష్ కాలంలో 1892 కౌన్సిళ్ల చట్టం కింద సభ్యులకు ప్రశ్నించే హక్కు దక్కినా, అనుబంధ ప్రశ్న వేయడానికి 1909 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కూడా ప్రశ్న వేసినవారికే.

ఒరిగిందా అంటే 1957 నాటి ముంద్రా వ్యవహారం చూడండి. ఎల్ఐసీ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల్లో సుమారు 1.24 కోట్ల రూపాయల షేర్లు కొన్న సంగతి లోక్‌సభలో ప్రశ్నగా మొదలైంది. మొదటి జవాబు పైపైన ఇచ్చినా సభ్యులు వదల్లేదు. అధికార పక్షానికే చెందిన ఫిరోజ్ గాంధీ వివరాలతో సహా సభలో నిలదీశారు. జస్టిస్ ఎం.సి. చాగ్లా విచారణ జరిపారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958లో రాజీనామా చేశారు. అధికార పక్ష సభ్యుడు అడగకూడదన్న నియమం ఎక్కడా లేదని ఇక్కడ గమనించాలి.

అనుబంధ ప్రశ్న పాడయ్యే దారి ఒకటే: ఉపన్యాసం. మూడు నిమిషాల పీఠిక, చివర నాలుగు ప్రశ్నలు కలిపి వేస్తే, మంత్రి వాటిలో తనకు నచ్చినదానికి జవాబు చెప్పి కూర్చుంటారు. మిగతా మూడూ గాలికి పోతాయి. ఒక్క వాక్యం, ఒక్క ప్రశ్న, జవాబులోని ఒక అంకెను వేలుపెట్టి చూపించేది. జల్ జీవన్ మిషన్ మీద "ఎన్ని కుళాయిలు ఇచ్చారు" అన్నదానికి పెద్ద అంకె వస్తుంది. "వాటిలో మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున, పథకం ప్రమాణం ప్రకారం నీరు వస్తున్నవి ఎన్ని, చివరిసారి తనిఖీ చేసిన తేదీ ఏది?" అన్నది అనుబంధ ప్రశ్న. ఇళ్ల పథకాల్లోనూ మంజూరు, గ్రౌండింగ్ (పని మొదలుపెట్టడం), పూర్తి అనే మూడు అంకెలను విడివిడిగా అడిగితే తప్ప పరిస్థితి తెలియదు.

జవాబు తృప్తిగా లేకపోతే అరగంట చర్చ అడగవచ్చు. లోక్‌సభలో సోమ, బుధ, శుక్రవారాల్లో దానికి చోటుంది. నోటీసు మూడు రోజుల ముందు, ఎందుకు కోరుతున్నారో వివరణతో ఇవ్వాలి. ఓటింగ్ ఉండదు. ఈ దారిని సభ్యులు వాడుకోవలసినంతగా వాడుకోవడం లేదు.

మంత్రి "పరిశీలనలో ఉంది" అన్నారు. రెండేళ్లయింది. ఎవరిని అడగాలి?
— అంగన్‌వాడీ కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా

ఆ మాట మీకు బలమే. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం", "విచారణ జరిపిస్తాం", "చర్యలు తీసుకుంటాం" వంటి మాటలను పార్లమెంటులో హామీగా లెక్కిస్తారు. ఏ మాటలు హామీ అవుతాయో ఒక జాబితాయే ఉంది. హామీని మూడు నెలల్లో నెరవేర్చి సభకు నివేదించాలి. వీటిని వెంటాడడానికి లోక్‌సభలో 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి ప్రభుత్వ హామీల కమిటీలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల్లోనూ హామీల కమిటీలు ఉన్నాయి.

మీరు చేయవలసింది: జవాబు ప్రశ్న సంఖ్య, తేదీ సంపాదించండి. అవి లేకుండా ఏ కమిటీ కార్యాలయమూ ఏమీ వెతకలేదు. ఆ రెండూ రాసి, హామీ ఇచ్చిన వాక్యాన్ని యథాతథంగా ఎత్తిరాసి, కమిటీలోని సభ్యుడి ద్వారా గానీ మీ ఎమ్మెల్యే ద్వారా గానీ కమిటీ ఛైర్మన్‌కు ఇవ్వండి. హామీల జాబితాలో అది చేరిందో లేదో ముందు తేల్చుకోండి. చేరకపోవడమూ, చేరాక శాఖ విన్నపం మీద "అమలు సాధ్యం కాదు" అని తొలగించడమూ రెండూ జరుగుతుంటాయి. తొలగింపు వినతి కమిటీ ముందుకు వచ్చేలోగానే మీ కాగితం అక్కడ ఉండాలి. "ప్రభుత్వానికి ఈ విషయంపై సానుభూతి ఉంది" అన్న జవాబు హామీ కాదు. అలాంటిది వచ్చినప్పుడు సభ్యుడు వెంటనే లేచి "ఏ తేదీలోగా నిర్ణయిస్తారు" అని అడిగి ఒక్క మాట రికార్డు చేయించాలి.

కోత తీర్మానం నెగ్గితే ప్రభుత్వం పడిపోతుందంటారు. మరి ప్రతి ఏడాదీ వందల తీర్మానాలు ఎందుకు పెడతారు?
— పోటీ పరీక్షల అభ్యర్థి, ఖమ్మం

మూడు రకాలు. విధాన కోతలో పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటారు. పొదుపు కోతలో నిర్దిష్ట మొత్తం తగ్గించమంటారు. నామమాత్రపు కోతలో 100 రూపాయలు తగ్గించమంటారు, దాని పని ఒక ఫిర్యాదును రికార్డు చేయడం. మెజారిటీ ఉన్న ప్రభుత్వం మీద ఇవి నెగ్గవు, పెట్టేవారికీ అది తెలుసు. ఫలానా పథకంలో ఫలానా లోపం అని పద్దుల చర్చలో పేరు పెట్టి మాట్లాడే హక్కు వీటి ద్వారా దక్కుతుంది. బాధ ఏమిటంటే, చర్చ గడువు ముగియగానే మిగిలిన పద్దులన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టే గిలటిన్ పద్ధతిలో వేల కోట్ల పద్దులు ఒక్క మాటైనా లేకుండా ఆమోదం పొందుతాయి. ఏ శాఖల పద్దులు చర్చకు రావాలో ముందే పట్టుబట్టకపోతే కోత తీర్మానాలూ వాటితోపాటే పోతాయి.

కాగ్ తప్పు పట్టిందని పత్రికల్లో పెద్ద అక్షరాలతో వస్తుంది. ఆ తర్వాత ఏమీ జరగదు. కాగ్‌కు అధికారం లేదా?
— న్యాయవాది, కర్నూలు

శిక్షించే అధికారం లేదు, ఆ పని రాజ్యాంగం కాగ్‌కు అప్పగించలేదు. 151వ అధికరణ ప్రకారం కేంద్రం లెక్కల నివేదిక రాష్ట్రపతికి, రాష్ట్రానిది గవర్నరుకు వెళ్లి సభ ముందుకు వస్తుంది. ఎన్నాళ్లలో సభ ముందుంచాలో ఆ అధికరణలో గడువు లేదు. అనేక రాష్ట్రాల్లో నివేదికలు సమావేశాల ఆఖరి రోజున బయటికి రావడానికి ఇదే సందు. ఆ రోజు చర్చకు సమయం ఉండదు.

అసలు పని ప్రజా పద్దుల కమిటీది. పార్లమెంటులో అందులో 22 మంది ఉంటారు, లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. మంత్రి సభ్యుడు కాలేడు. 1967 నుంచి ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇచ్చే ఆనవాయితీ ఉంది. కమిటీ కాగ్ నివేదికలోని అన్ని పేరాలనూ పట్టుకోలేదు, కొన్ని ఎంచుకుంటుంది. శాఖ కార్యదర్శిని పిలిచి, ఫైళ్లు తెప్పించి అడుగుతుంది. సభలోని గోల అక్కడ ఉండదు, కాబట్టి జవాబులు కూడా వేరుగా వస్తాయి. సభ ఆమోదించినదానికన్నా ఎక్కువ ఖర్చు చేసిన పద్దులనూ ఇదే కమిటీ పరిశీలిస్తుంది. దాని సిఫార్సు తర్వాత సభ వాటిని క్రమబద్ధం చేయాలి. కేంద్రానికి 115, రాష్ట్రాలకు 205 అధికరణల్లో ఇది ఉంది. ఏళ్ల తరబడి క్రమబద్ధం కాని అదనపు ఖర్చులు పేరుకుపోవడం రాష్ట్రాలకు సంబంధించిన కాగ్ నివేదికల్లో తరచూ కనిపించే ఆక్షేపణ.

న్యాయవాదిగా మీరు ఒకటి చేయవచ్చు. పార్లమెంటు కమిటీ సిఫార్సులపై తీసుకున్న చర్యలను శాఖ ఆరు నెలల్లో తెలపాలి. ఆ చర్యల నివేదికల్లో "ప్రభుత్వం అంగీకరించింది", "కమిటీ అంగీకరించని జవాబులు", "తుది జవాబు రానివి" అని విడివిడి అధ్యాయాలుంటాయి. చివరి రెండూ చదవండి. మీ ఎమ్మెల్యేకో ఎంపీకో ఇచ్చే ప్రశ్నకు అంతకంటే గట్టి పునాది దొరకదు. "ఫలానా నివేదిక, ఫలానా పేరా మీద వసూలు చేయవలసిన మొత్తంలో ఇప్పటిదాకా ఎంత వసూలైంది, ఎందరు అధికారులపై చర్య తీసుకున్నారు" అని అడిగితే కాగ్ అంకెలు పట్టికగా మళ్లీ సభకు వస్తాయి.

సర్పంచ్‌ని. అసెంబ్లీ, పార్లమెంటు సమావేశాల దాకా ఆగకుండా కేంద్ర పథకాల డబ్బు గురించి అడిగించే వేదిక ఉందా? పాత జవాబులు ఎక్కడ దొరుకుతాయి?
— మహిళా సర్పంచ్, నల్గొండ జిల్లా

ఉంది. కేంద్ర పథకాల అమలును సమీక్షించడానికి 2016లో కేంద్రం ఏర్పాటు చేసిన దిశ కమిటీ ప్రతి జిల్లాలో ఉండాలి. ఎంపీ అధ్యక్షతన కలెక్టరు, శాఖల అధికారులు కూర్చుంటారు. మూడు నెలలకోసారి సమావేశం జరగాలి. జరుగుతోందో లేదో ముందు తెలుసుకోండి. గత నాలుగు సమావేశాల తేదీలు, చర్యల నివేదికలు కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో ఇవ్వాలి. సమావేశం జరగడం లేదని తేలితే ఆ సంగతినే ఎంపీ దృష్టికి రాతపూర్వకంగా తీసుకెళ్లండి. ఆ కుర్చీ ఆయనదే కాబట్టి బాధ్యత మరొకరి మీదికి నెట్టలేరు.

జవాబుల విషయానికొస్తే, లోక్‌సభ, రాజ్యసభల ప్రశ్నలు, జవాబులు సంసద్ వెబ్‌సైట్‌లో మంత్రిత్వ శాఖ, సభ్యుడి పేరు, తేదీ, పదం ఆధారంగా వెతకవచ్చు. జవాబుకు జత చేసిన అనుబంధ పట్టికను తప్పక తెరవండి. జిల్లాల, రాష్ట్రాల అంకెలు పై రెండు పేజీల్లో ఉండవు, ఆ పట్టికలోనే ఉంటాయి. మీ పథకం మీద గత రెండు మూడేళ్ల జవాబులు ముందేసుకుని, ఏ అంకెను ఏ ఏడాది నుంచి చెప్పడం మానేశారో గమనించండి. దిశ సమావేశంలో మీ ఎంపీ అడగవలసిన మొదటి ప్రశ్న అదే.